పాప వేళ్ల కణుపుల్లో వాపు, వారానికోసారి మెథోట్రెక్సేట్ అంటున్నారు. మొదలుపెట్టాలా?

వానచినుకు
మా పాపకి ఆరున్నరేళ్లు. నాలుగు నెలల క్రితం కుడి చూపుడు వేలు మధ్య కణుపు లావుగా కనిపించింది. ఆడుకుంటూ ఎక్కడో తగిలించుకుందిలే అనుకున్నాం. నెల తిరిగేసరికి మధ్య వేలు, ఎడమ చేతి ఉంగరం వేలు కూడా అలాగే అయ్యాయి. ఎర్రగా లేవు, ముట్టుకుంటే కాస్త వెచ్చగా ఉంటాయి. నొప్పి అని ఒక్కసారి కూడా ఏడవలేదు. కానీ పొద్దున్నే గుండీలు పెట్టుకోదు. బ్రష్‌ని వేళ్లతో కాకుండా రెండు అరచేతుల మధ్య పట్టుకుంటుంది. పదకొండు దాటాక చూస్తే మామూలుగా ఆడుకుంటూ ఉంటుంది. అక్షరాలు వంకరగా రాస్తోందని టీచర్ చెబితే, బద్ధకమనుకుని రెండుసార్లు గట్టిగా కోప్పడ్డాను. అది తలుచుకుంటే ఇప్పుడు నాకు నిద్ర పట్టడం లేదు.

ఎక్స్‌రే బాగానే ఉంది. రక్తపరీక్షల్లో ఆర్‌ఎఫ్ (రుమటాయిడ్ ఫ్యాక్టర్) నెగటివ్, ఏఎన్ఏ (సొంత కణాల మీదే తిరగబడే యాంటీబాడీల పరీక్ష) పాజిటివ్, ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే ఈఎస్‌ఆర్ 34. పిల్లల రుమటాలజిస్ట్ ఒక్కో వేలూ నొక్కి చూశారు. మేం గమనించింది మూడు వేళ్లే, ఆయన మణికట్లతో కలిపి ఆరు కీళ్లు లెక్కపెట్టారు. జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థ్రైటిస్ (జేఐఏ), అంటే పిల్లల్లో కారణం తెలియకుండా వచ్చే కీళ్లవాపు, అందులో ఎక్కువ కీళ్లకి వచ్చే పాలీ రకం అన్నారు. ప్రస్తుతానికి న్యాప్రోక్సెన్ అనే నొప్పి మందు ఇచ్చారు. వారానికోసారి మెథోట్రెక్సేట్ మొదలుపెడదాం, ఆలోచించుకుని రమ్మన్నారు. ఇంటికొచ్చి ఆ పేరు వెతికితే క్యాన్సర్ మందు అని వస్తోంది. చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరైనా వాడి ఉంటే ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

నీలిసిరా
ముందు ఆ కోప్పడిన సంగతి మనసులోంచి తీసేయండి. నేనూ మా వాణ్ణి "పెన్సిల్ సరిగ్గా పట్టుకో" అని ఎన్నిసార్లు కసిరానో. ఈ జబ్బున్న పిల్లల్లో చాలామంది నొప్పి అనే మాటే అనరు. పని చేసే పద్ధతి మార్చేసుకుంటారు. మా వాడు సీసా మూతలు పళ్లతో తీసేవాడు, మేం అల్లరి అనుకున్నాం.

వాడికి ఆరేళ్లప్పుడు మొదలైంది, ఇప్పుడు పదకొండు. మెథోట్రెక్సేట్ మూడేళ్లు వాడాం. ఏడాదిన్నరగా ఏ మందూ లేదు, బాగున్నాడు. రాత్రికి తీరిగ్గా రాస్తాను.

తాబేలునడక
నా అనుభవం వేరు. మా అబ్బాయికి ఐదేళ్లప్పుడు బొటనవేలి కణుపు వాచింది. ఏమీ వాడలేదు, మూడు వారాల్లో దానంతట అదే తగ్గిపోయింది. ఎదిగే వయసులో ఇలాంటి నొప్పులు వస్తుంటాయి, పోతుంటాయి. అంత చిన్నపిల్లకి అంత పెద్ద మందు వెయ్యకముందు ఇంకో ఆరు నెలలు ఆగి చూస్తే తప్పేంటి?

స్టెత్‌మిత్రుడు
తాబేలునడక గారూ, మీ బాబుకి తగ్గినందుకు సంతోషం. కానీ మీ బాబుది, ఈ పాపది ఒకటే అనుకోలేం. నేను పిల్లల డాక్టర్నే. వైరల్ జ్వరం తర్వాతో, దెబ్బ తగిలో వాచిన కణుపు కొన్ని వారాల్లో తగ్గిపోవచ్చు. అందుకే ఆరు వారాలు అనే గడువు పెట్టారు. 16 ఏళ్లు నిండకముందు మొదలై, ఆరు వారాలు దాటినా తగ్గక, ఇంకే కారణమూ దొరకకపోతే దాన్ని జేఐఏ అంటాం. ఈ పాపకి నాలుగు నెలలైంది, కీళ్లు ఆరయ్యాయి.

ఎదిగే నొప్పుల గురించి ఒక మాట. అవి కాళ్లలో వస్తాయి. సాయంత్రమో రాత్రో వచ్చి తెల్లారేసరికి పోతాయి. వాపు ఉండదు. పొద్దున్నే బిగుసుకుపోయే చేతివేళ్లకీ వాటికీ ఏ సంబంధమూ లేదు. వాచిన వేలిని ఎదిగే నొప్పి అని సరిపెట్టుకుని నెలలు పోగొట్టుకున్న కుటుంబాల్ని చాలా చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఎక్స్‌రే బాగుందంటే జబ్బు లేదని కాదు. మొదట్లో దెబ్బతినేది కీలు లోపలి పొర. అది ఎక్స్‌రేలో కనబడదు, అల్ట్రాసౌండ్‌లోనో ఎంఆర్‌ఐలోనో కనబడుతుంది. ఆర్‌ఎఫ్ నెగటివ్ అన్నా అంతే, ఈ జబ్బున్న పిల్లల్లో ఎక్కువమందికి అది నెగటివే. ఏఎన్ఏ ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో కూడా పాజిటివ్ రావచ్చు. ఈ జబ్బుని రక్తపరీక్ష తేల్చదు, వేళ్లు నొక్కి చూసిన డాక్టర్ చెయ్యి తేలుస్తుంది.

ఇక క్యాన్సర్ మందు సంగతి. పేరు ఒకటే, వాడే పద్ధతి వేరు. కొన్ని క్యాన్సర్లలో ఒక్కో విడతకి గ్రాముల లెక్కన ఎక్కిస్తారు. కీళ్లకి వారం మొత్తానికి, శరీర వైశాల్యం చదరపు మీటరుకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు మాత్రమే. ఇంత తక్కువలో దాని పని కణాల్ని చంపడం కాదు, తన కీళ్ల మీదే తిరగబడుతున్న రోగనిరోధక శక్తిని నెమ్మదింపజేయడం. 1992లో వచ్చిన పరిశోధనలో, మందులేని మాత్రతో పోల్చి చూసి, చదరపు మీటరుకి 10 మిల్లీగ్రాముల మోతాదు పిల్లల కీళ్లకి పనిచేస్తుందని తేల్చారు. అప్పటి నుంచీ ప్రపంచమంతా వాడుతూనే ఉంది.

పర్యవేక్షకుడు
పైన ఉన్న లెక్కలు సమాచారం కోసమే. ఎవరూ వాటిని చూసి ఇంట్లో మోతాదు వెయ్యడం, మార్చడం చెయ్యకండి.

వానచినుకు
డాక్టర్ గారూ, "డాక్టర్ చెయ్యి తేలుస్తుంది" అన్న మాట మా వారికి చదివి వినిపించాను. ఎక్స్‌రే బాగుండి, ఆర్‌ఎఫ్ నెగటివ్ అయితే జబ్బేమిటని ఆయన అడుగుతూనే ఉన్నారు.

జుట్టు రాలిపోతుందా? ఎదుగుదల ఆగిపోతుందా? రేపు పెద్దయ్యాక పిల్లలు పుట్టరని ఒకావిడ అంది. ఆ మాట నుంచి తేరుకోలేకపోతున్నాను.

స్టెత్‌మిత్రుడు
ఈ మోతాదులో జుట్టు కాస్త పలచబడటం ఎప్పుడో ఒకరికి, అదీ మందు ఆపాక వచ్చేస్తుంది. ఎదుగుదలని దెబ్బతీసేవి అదుపులో లేని జబ్బు, ఎక్కువకాలం వాడే స్టెరాయిడ్ మాత్రలు. మెథోట్రెక్సేట్ కాదు. గర్భంతో ఉండగా మాత్రం ఈ మందు వాడకూడదు, కడుపులో బిడ్డకి హాని. అందుకే పెద్ద వయసు ఆడపిల్లలకి ముందే చెబుతాం. చిన్నప్పుడు వాడి ఆపేసినందువల్ల పెద్దయ్యాక పిల్లలు పుట్టకపోవడమంటూ లేదు. ఆవిడ మాట మర్చిపోండి.

రెప్పపాటు
కళ్లు చూపించారా? ఎవరూ ఆ మాటే ఎత్తలేదు.

మా పాపకి కూడా ఏఎన్ఏ పాజిటివ్. మోకాలు ఒకటి, వేళ్లు రెండు. కీళ్ల గోలలో పడి కళ్ల పరీక్ష ఐదు నెలలు వాయిదా వేశాం. కళ్లు ఎర్రబడలేదు, నీళ్లు కారలేదు, చూపు మసకగా ఉందని పాపా అనలేదు. చివరికి వెళితే లోపల వాపు మొదలై చాలా కాలమైందన్నారు. యువైటిస్ అంటారు దాన్ని. ఒక కంట్లో కనుపాప అప్పటికే గుండ్రంగా లేదు, అంచు ఒకచోట అతుక్కుపోయింది. ఇప్పుడు అదుపులో ఉంది కానీ ఆ ఐదు నెలలు నాకు తిరిగి రావు.

మామూలుగా అక్షరాలు చదివించే పరీక్ష చాలదు. కంటి లోపల పెద్దదిగా చూపించే స్లిట్ ల్యాంప్ అనే పరికరంతో చూడాలి. ఏడేళ్లలోపు మొదలై, ఏఎన్ఏ పాజిటివ్ అయితే మొదటి నాలుగేళ్లు మూడు నెలలకోసారి చూపించమని మాకు చెప్పారు. కీళ్లు పూర్తిగా బాగున్నా సరే ఆ తేదీ తప్పకూడదట.

వానచినుకు
కళ్ల డాక్టర్‌కి చూపించమని చీటీ మీద రాశారు. తర్వాత చూద్దాంలే అని పక్కన పెట్టాను. రేపే వెళ్తున్నాం.

రెప్పపాటు
చూశాక ఒక్క ముక్క ఇక్కడ రాయండి తల్లీ. ఎదురుచూస్తుంటాను.

నీలిసిరా
రాస్తానన్నదాన్ని, ఇప్పటికి కుదిరింది.

మందు వేసిన వెంటనే ఏమీ జరగదు. ఇది ముందే తెలిసి ఉంటే నేను అంత ఏడ్చేదాన్ని కాదు. మొదటి నెల వాపు అలాగే ఉంది. ఆరు వారాలకి కాస్త మెత్తబడింది. పన్నెండో వారంలో ఒకరోజు వాడే చెయ్యి చాపి "అమ్మా, గీతలొచ్చాయి" అన్నాడు. వాచి నున్నగా అయిపోయిన కణుపుల మీద ముడతలు మళ్లీ కనబడ్డాయన్నమాట. రోజూ చూస్తే తేడా తెలియదు. నెలకోసారి ఒకే చోట, ఒకే వెలుతురులో రెండు చేతులకీ ఫొటో తీసి పెట్టండి.

రెండోది వికారం. మా వాడికి మొదట్లో లేదు, ఏడాది తర్వాత మొదలైంది. మాత్రలు పసుపు రంగులో ఉండేవి. చివరికి పసుపు రంగు పెట్టె చూసినా ఓకరించేవాడు. బలవంతంగా మింగించి మేం తప్పు చేశాం, భయం ఇంకా ముదిరింది. డాక్టర్‌కి ముందే చెబితే సరిపోయేది. ఫోలిక్ యాసిడ్ సర్దారు, వాంతి రాకుండా అరగంట ముందు ఒక మాత్ర ఇచ్చారు, తర్వాత చర్మం కింద వేసే ఇంజెక్షన్‌కి మార్చారు. సెలవు ముందు రోజు రాత్రి పడుకోబోయే ముందు వేస్తే నీరసమంతా నిద్రలోనే పోయేది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఇది వారానికి ఒక్కసారి. రోజూ కాదు. పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదకి వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా మందులు ఇస్తుంటే వాళ్లకి మరీ మరీ చెప్పండి. మేం క్యాలెండర్‌లో మందు వేసే రోజుకి ఎర్ర గుండ్రం చుట్టి, వేశాక పక్కన సంతకం పెట్టేవాళ్లం. వాడు కూడా పెట్టేవాడు, పేద్ద అధికారిలాగ.

రక్తపరీక్షలు మొదట్లో నెలకోసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి. కాలేయం, రక్తకణాలు చూస్తారు. మా వాడికి ఒకసారి కాలేయం లెక్క పెరిగింది. రెండు వారాలు ఆపి తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెట్టారు, సర్దుకుంది.

బుడగలు
నాకు 15. పన్నెండేళ్ల వయసు నుంచీ మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ వేసుకుంటున్నాను, ఇప్పుడు నేనే వేసుకుంటాను. సిరంజిని ముందే బయటపెట్టి గది వేడికి రానిస్తే మంట తక్కువ. చర్మాన్ని మొద్దుబార్చే నంబింగ్ క్రీమ్ రాస్తే చిన్నపిల్లలకి అసలు తెలియదు. ఆంటీ, మీ పాపకి చెప్పకుండా సడన్‌గా పొడవకండి ప్లీజ్. ఏ తొడ, ఏ వైపు అని తననే ఎంచుకోనివ్వండి.

తాబేలునడక
డాక్టర్ గారు చెప్పింది రెండుసార్లు చదివాను. వాపుతో కూడిన నొప్పి వేరని నాకు నిజంగా తెలియదు. అయినా ఒక సందేహం. ఆ నొప్పి మందుతోనే సరిపెట్టకూడదా? లేదా వాచిన కణుపులోనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తే ఒళ్లంతటికీ మందు ఎందుకు?

స్టెత్‌మిత్రుడు
మంచి ప్రశ్న. న్యాప్రోక్సెన్, ఐబూప్రొఫెన్ లాంటివి నొప్పి, బిగుతు తగ్గిస్తాయి. కీలు లోపల ఎముకల చివర ఉండే మెత్తని మృదులాస్థిని జబ్బు తినేయడాన్ని ఆపలేవు. పిల్ల హాయిగా ఉందని మనం అనుకుంటూ ఉంటాం, లోపల నష్టం సాగుతూనే ఉంటుంది.

కీలులోకి స్టెరాయిడ్ ఒకటి రెండు కీళ్లున్నవాళ్లకి చాలా బాగా పనిచేస్తుంది, ముఖ్యంగా మోకాలికి. వేలి కణుపుకి కూడా అల్ట్రాసౌండ్ చూస్తూ వేస్తారు. కానీ ఆరు కీళ్లకి ఎన్నిసార్లు పొడుస్తాం? పైగా రేపు ఏడోది వాచకుండా అది ఆపలేదు. ఒక్కోసారి మెథోట్రెక్సేట్ పని అందుకునేలోగా మరీ బాధపెడుతున్న కీలుకి అది వేసి గడుపుతాం. రెండూ కలిసి నడుస్తాయి.

చేతిసాయం
నేను పిల్లల చేతులకి థెరపీ చేస్తాను. మందు గురించి నేను మాట్లాడను. మందుతో పాటు ఇంట్లో చెయ్యాల్సింది చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇది వదిలేస్తారు.

పాప చేత రెండు పనులు చేయించి చూడండి. ఒకటి, నమస్కారం పెట్టమనండి. అరచేతులు, వేళ్లు పూర్తిగా అంటుకున్నాయా, అవి విడిపోకుండానే మోచేతులు పక్కలకి లేస్తున్నాయా. రెండు, పిడికిలి బిగించమనండి. వేళ్ల చివర్లు అరచేతిని తాకుతున్నాయా, గోళ్లు లోపలికి దాగుతున్నాయా. మందు పనిచేస్తోందో లేదో ఈ రెండూ మీకు ఇంట్లోనే చెబుతాయి.

పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో చేతులు పది నిమిషాలు ఉంచి, నీళ్లలోనే ఆడించండి. స్పాంజి పిండటం, బొమ్మలకి తల స్నానం చేయించడం, ఏదైనా సరే. బిగుతు వదిలాక ఒక్కో వేలినీ నిటారుగా చాపడం, కొక్కెంలా వంచడం, పూర్తి పిడికిలి, ఈ మూడూ ఐదేసిసార్లు. నొప్పి పుట్టేదాకా లాగకండి. వేలిని మీరు పట్టుకుని వంచకండి, తనే వంచాలి. బాగా వాచి వేడిగా ఉన్న రోజున మెత్తని పిండి ముద్దని గట్టిగా పిసికించడం వద్దు, కదలిక చాలు. వాపు తగ్గాక బలం పెంచే ఆటలు.

మణికట్టుకి రాత్రిపూట స్ప్లింట్ (కీలుని సరైన స్థితిలో పట్టి ఉంచే పట్టీ) ఇస్తే అది శిక్ష కాదని పాపకి అర్థమయ్యేలా చెప్పండి. ఈ జబ్బులో మణికట్టు కిందికి వాలిపోయే అలవాటు ఎక్కువ, పైకి లేవడం తగ్గుతుంది. మణికట్టు వాలితే వేళ్లకి పట్టు పోతుంది. నేను మణికట్టు మీదే ఎక్కువ పట్టుబడతాను.

బుడగలు
నా స్ప్లింట్‌ని మా తమ్ముడు దొంగిలించి రోబో అని ఇల్లంతా తిరిగేవాడు. చివరికి మా థెరపిస్ట్ వాడికి కూడా స్టిక్కర్లు ఇచ్చారు, నాది వదిలేస్తాడని.

ఆకుపచ్చ
ఇన్ని మందులెందుకు, ఆహారం మార్చి, పసరు మందులు వాడితే మా బంధువుల అమ్మాయికి తగ్గింది. ఒకసారి ప్రయత్నించండి.

పాతగాయం88
ఆకుపచ్చ గారూ, కోపం తెచ్చుకోకండి. మీ మాట చూసి మూడేళ్లుగా ఇక్కడ చదువుతూ ఊరుకున్న నేను ఈరోజు రాస్తున్నాను.

నాకు ఎనిమిదేళ్లకి మొదలైంది, 1996లో. రెండు చేతుల వేళ్లు, మణికట్లు. మొదట స్టెరాయిడ్ మాత్రలు, ముఖమంతా ఉబ్బింది. తర్వాత మెథోట్రెక్సేట్ ఇచ్చారు. తొమ్మిది నెలలకి చేతులు ఎంత బాగయ్యాయంటే నేను తాడాట ఆడాను. ఇంట్లో అందరూ సంబరపడ్డారు. ఇక మందు ఎందుకు, విషం ఎందుకు మింగించాలి అని ఎవరినీ అడగకుండా ఆపేశారు. ఆహారం మార్చారు, పసరు పూశారు. మా అమ్మానాన్నలు నన్ను ప్రాణంలా చూసుకున్నారు, ఆ నిర్ణయం కూడా ప్రేమతోనే తీసుకున్నారు. నాలుగు నెలలు బాగానే ఉన్నాను. ఐదో నెలలో తిరగబెట్టింది. పథ్యం సరిగ్గా చెయ్యలేదేమోనని ఇంకా కఠినం చేశారు. అలా రెండేళ్లు గడిచాయి.

మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి ఎడమ మణికట్టు ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కుడి చేతి మూడు వేళ్లు మధ్య కణుపు దగ్గర వంగి ఉండిపోయాయి, చాపలేను. ఎడమ ఉంగరం వేలు మిగతావాటికన్నా పొట్టి. ఎదిగే ఎముక చివర వాపు ఉండటంతో ఆ వేలు ఎదగడం త్వరగా ఆగిపోయిందని తర్వాత చెప్పారు. ఇప్పుడు ఏ మందు వేసినా అవి తిరిగి రావు. నేను ఉద్యోగం చేస్తున్నాను, ఇల్లు నడుపుతున్నాను, బాగానే ఉన్నాను. కానీ మా అబ్బాయికి షూ లేసు కట్టడం నాకు రాదు, వాడే నేర్చుకున్నాడు.

వానచినుకు గారూ, మీకు మాకు లేనివి చాలా ఉన్నాయి. నాలుగో నెలలోనే సరైన డాక్టర్ దొరికారు. వెయ్యండి. బాగైందని మీ అంతట మీరు ఆపకండి.

ఆకుపచ్చ
మీరు రాసింది చదివాక ఏం చెప్పాలో తెలియడం లేదు. మా బంధువుల అమ్మాయి డాక్టర్ మందు కూడా వాడిందో లేదో నేను అడగలేదు. అడుగుతాను.

స్టెత్‌మిత్రుడు
పాతగాయం88 గారి పోస్టు మా విద్యార్థులతో చదివించాలనిపించింది.

ఎప్పుడు ఆపాలి అన్నదానికి: జబ్బు పూర్తిగా అణిగాక కూడా కొన్ని నెలలు కొనసాగిస్తాం, సాధారణంగా ఆరు నుంచి పన్నెండు. 2010లో వచ్చిన ఒక పరిశోధనలో, అణిగాక ఆరు నెలలకి ఆపినా పన్నెండు నెలలకి ఆపినా తిరగబెట్టేవాళ్ల సంఖ్య దాదాపు ఒకటే, రెండు గుంపుల్లోనూ సగానికి పైనే. అంటే ఆపాక కూడా కనిపెట్టుకుని ఉండాలి. తిరగబెడితే వెంటనే మళ్లీ మొదలుపెడితే ఎక్కువమందికి మళ్లీ అణుగుతుంది. అది ఓటమి అనుకోవద్దు.

ఆహారం మానిపించడం వల్ల ఈ జబ్బు తగ్గుతుందని రుజువు లేదు. ఎదిగే పిల్లకి అన్నీ పెట్టండి. ఏ పసరు, ఏ పొడి ఇచ్చినా డాక్టర్‌కి చెప్పండి, కాలేయం మీద రెండు బరువులు పడతాయి. ఇంకొకటి, వేరే ఏ డాక్టర్ యాంటీబయాటిక్ రాసినా మెథోట్రెక్సేట్ వాడుతున్నామని చెప్పాలి. ట్రైమెథోప్రిమ్ ఉన్నవి దీనితో కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఆటలమ్మ వచ్చిన పిల్లల దగ్గర మసిలితే వెంటనే ఫోన్ చెయ్యాలి. ఏ టీకాలైనా మిగిలి ఉంటే మందు మొదలుపెట్టకముందే అడగండి. జీవమున్న టీకాల (బలహీనపరచిన బతికున్న క్రిములతో చేసేవి) విషయం డాక్టరే చెప్పాలి.

సాలెగూడు
మెథోట్రెక్సేట్ అందరికీ సరిపోదని కూడా చెప్పాలి, లేకపోతే సరిపోనివాళ్లు కుంగిపోతారు. మా పెద్దమ్మాయికి ఒకే వేలు మొదలు నుంచి చివరిదాకా సాసేజ్‌లా వాచింది, గోళ్ల మీద సూదితో పొడిచినట్టు గుంటలు. మా వారికి సోరియాసిస్ ఉంది. ఆ రెండూ కలిపి చూసి సోరియాటిక్ రకం అన్నారు. నాలుగు నెలలు వాడినా సగమే తగ్గింది. అప్పుడు బయలాజిక్ (జీవకణాలతో తయారుచేసి, వాపు పుట్టించే పదార్థాన్నే అడ్డుకునే ఇంజెక్షన్) కలిపారు, అడాలిముమాబ్, రెండు వారాలకోసారి. ముందు టీబీ పరీక్ష చేశారు. నెలన్నరలో వేలు వేలులా కనబడింది. ఖర్చు ఎక్కువ, నిజమే. ఇప్పుడు వాటికి బయోసిమిలర్లు, అంటే అలాంటివే వేరే కంపెనీల మందులు, వచ్చాయి, అడగండి.

రెప్పపాటు
మాదీ అదే మందు, కళ్ల కోసం. ఎటనర్‌సెప్ట్ అనే ఇంకో బయలాజిక్ పిల్లల కీళ్లకి 1999 నుంచే ఉంది కానీ కంటి వాపుకి అది సరిపోదని చెప్పి మాకు అడాలిముమాబ్ ఎంచుకున్నారు. ఇందుకే కళ్లు ముందు చూపించాలనేది.

నీలిసిరా
బడిలో చెప్పారా వానచినుకు గారూ? చెప్పకపోతే మంచిదని నా అభిప్రాయం. మా వాణ్ణి జబ్బు పిల్లాడని ఆటల్లోకి పిలవడం మానేశారు.

సాలెగూడు
నేను ఒప్పుకోను. చెప్పకపోతే బద్ధకం అనే ముద్ర పడుతుంది, వానచినుకు గారి పాపకి పడిందదే. మేం టీచర్‌కి ఒక పేజీ రాసి ఇచ్చాం. మొదటి పీరియడ్‌లో చేతులు బిగుసుకుని ఉంటాయి, రాత తగ్గించండి, మధ్యలో వేళ్లు కదిలించుకోనివ్వండి, పరీక్షకి అదనపు సమయం ఇవ్వండి, ఆటలు మాత్రం మాన్పించకండి అని. ఆ చివరి వాక్యం కింద గీత గీశాం.

బుడగలు
టీచర్‌కి చెప్పాలి, క్లాసులో ప్రకటించకూడదు. ఎవరికి చెప్పాలో నన్నే తేల్చుకోమన్నారు. నేను ఇద్దరికి చెప్పాను, ఇద్దరూ నా బ్యాగ్ మోస్తారు, నేను వాళ్లకి లెక్కలు చెబుతాను.

నీలిసిరా
బుడగలు చెప్పిందే సరైన దారిలా ఉంది. ఆ రోజుల్లో నాకు తట్టలేదు.

వానచినుకు
కళ్లు చూపించాం. ప్రస్తుతానికి వాపు లేదు, మూడు నెలలకి మళ్లీ తేదీ ఇచ్చారు. నిన్న రాత్రి మొదటి మోతాదు వేశాం. నా చెయ్యి వణికింది, దానిది వణకలేదు. పాతగాయం88 గారూ, మీ పోస్టు మా అత్తగారికి చదివి వినిపించాను. ఆమే క్యాలెండర్ తెచ్చి ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టారు.

రెప్పపాటు
కళ్ల మాట విని ప్రాణం లేచొచ్చింది.

చేతిసాయం
నమస్కారం, పిడికిలి ఫొటోలు ఈరోజే తీసి పెట్టుకోండి. లేకపోతే తర్వాత దేనితో పోల్చాలో తెలియదు.

వానచినుకు
పది వారాల తర్వాత వస్తున్నాను. నాలుగో వారంలో మార్పేమీ లేక ఇక్కడే నీలిసిరా గారి పోస్టు మళ్లీ మళ్లీ చదువుకున్నాను. ఈఎస్‌ఆర్ 34 నుంచి 15కి వచ్చింది. ఆరు కీళ్లలో రెండింట్లోనే వాపు మిగిలిందన్నారు. పిడికిలిలో గోళ్లు దాగుతున్నాయి, చూపుడు వేలిది తప్ప. మర్నాడు పొద్దున కాస్త వికారం ఉంటోంది, వాంతి లేదు. బ్రష్ వేళ్లతో పట్టుకుంటోంది. పాపకి క్షమాపణ చెప్పాను, ఆ రాత విషయంలో. దానికి అదేం గుర్తు లేదు, "ఎందుకమ్మా" అంది.

నీలిసిరా
కాలేయం పరీక్ష ఎలా వచ్చింది? వికారం సంగతి డాక్టర్‌కి చెప్పారా? చిన్నగా ఉన్నప్పుడే చెప్పండి, మాలాగా ముదరనివ్వకండి.

వానచినుకు
కాలేయం బాగుంది. వికారం చెప్పలేదు, ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను.